నడిస్తే రక్షణ రాదు, మరి నడవడం దేనికి?

మన తెలుగు సంఘం సభ్యులు కొందరు వచ్చే ఏడాది స్పెయిన్ వెళ్లి, అక్కడి క్రైస్తవ యాత్రాస్థలమైన సంతియాగోకు వెళ్లే దారిలో నడవాలనుకుంటున్నారు. సంగతి తెలియగానే ఒడిశాలోని పర్లాకిమిడిలో మా బాప్టిస్టు పెద్దలు పెదవి విరిచారు. కాళ్లు అరగదీసుకుంటే రక్షణ, అంటే పాపాల నుంచి విముక్తి, వస్తుందా అన్నారు. రాదు. అందులో నేనూ వారి పక్షమే. రక్షణ కృపవల్లనే అన్నది ఈ గజపతి జిల్లా కొండల్లో కెనడా మిషనరీలు పదేపదే చెప్పిన పాఠం.

అయితే ఆ పాఠం చెప్పిన బైబిలులోనే 120 నుంచి 134 వరకు ప్రతి కీర్తన మీదా ‘యాత్ర కీర్తన’ అని ఉంటుంది. వాటిలోని ‘కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను’ అనే మాటను, ఆదివారం ఆరాధనకు కొండ ఊళ్ల నుంచి నడిచి దిగే సవర కుటుంబాలకు ఏ బోధకుడూ విడమరిచి చెప్పనక్కరలేదు. కారులో వచ్చే మనకే చెప్పాలి.

సంతియాగోలో ఉన్నది అపొస్తలుడైన యాకోబు సమాధి అని 9వ శతాబ్దం నుంచి నమ్ముతూ వస్తున్నారు. నిజమా కాదా అన్న తగాదా చరిత్రకారులకు వదిలేద్దాం. నన్ను పట్టి ఆపింది ఆ దారి తీరు. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి సుమారు 780 కిలోమీటర్లు. దారి తప్పకుండా చెట్లకూ గోడలకూ పసుపు బాణాలుంటాయి. ఆ బాణాలు వేసే పని 1980లలో మొదలుపెట్టింది వాలిన్యా అనే ఓ పల్లెటూరి ఫాదర్. కొన్ని బసలలో ధర అడగరు. ఒక పెట్టె ఉంటుంది, వేసినంత వేయవచ్చు. మడమ మీద పొక్కు లేస్తే, మీ భాష రాని మనిషి మోకాళ్ల మీద కూర్చుని సూదీ దారంతో నీరు తీసి కట్టు కడతాడు.

అక్కడే మనకు కష్టం. ఇంటికి డబ్బు పంపేవాళ్లం, గుడికి చందా రాసేవాళ్లం, సంక్రాంతి సంబరాలకు భోజనాలు పెట్టించేవాళ్లం. ఇవ్వడం మనకు బాగా అలవాటు. మన పాదం మరొకరి చేతిలో పెట్టమంటే మాత్రం ప్రాణం చచ్చిపోతుంది. యేసు పాదాలు కడగబోతే పేతురు కూడా వద్దనే అన్నాడు. కృప అంటే సంపాదించకుండా పుచ్చుకోవడమని ఏళ్ల తరబడి ప్రసంగాల్లో విని తల ఊపాం. అలసిన ఒళ్లు ఆ మాటను ఒక్క సాయంత్రంలో ఒప్పుకుంటుంది. మా పెద్దల సిద్ధాంతానికి ఈ నడక ఎదురు వెళ్లదన్నది నా వాదన.

కానీ మన ప్రయాణ ప్రణాళిక చూశాక భయం వేసింది. యాత్ర పూర్తి చేసినట్టు ఇచ్చే పత్రం కోసం చివరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు, సరే, అందరికీ సెలవులు దొరకవు. మోకాళ్ల నొప్పులున్నవారి సంచులు వ్యానులో పంపినా తప్పులేదు. అందరి సంచులూ వ్యానులోనే, గదులన్నీ ముందే ఖాయం, ఆవకాయ సీసాలతో సహా తెలుగువాళ్లమే ఒక గుంపుగా నడక! ఇక పరాయి మనిషి దగ్గర పుచ్చుకోవడానికి మిగిలేది ఏముంది? నిర్వాహకులకు నా మనవి: ఒక్క రాత్రికైనా బస ఖాయం చేయకండి. ఆ రోజు ఇద్దరిద్దరుగా విడిపోయి నడవండి. ఆవకాయ తీసుకెళ్లండి, దారిలో ఎవరైనా రొట్టె పెడితే బదులుగా ఇవ్వడానికి పనికొస్తుంది.