సవరణ: ఫొటోలు ఎక్కడి నుంచి డిలీట్ చేయాలి?

ఫోన్ నిండితే ‘బ్యాకప్ అయిన ఫొటోలు డిలీట్ చేసేయండి’ అని కిందటి పోస్టులో ఉంది. బ్యాకప్ అంటే ఆన్‌లైన్‌లో దాచిన కాపీ. ఎక్కడి నుంచి అనేది అందులో లేదు. అసలు తిరకాసు అక్కడే. గూగుల్ ఫొటోస్ యాప్‌లో చెత్తబుట్ట గుర్తు నొక్కితే ఫోన్‌లోదీ ఆన్‌లైన్‌లోదీ రెండూ పోతాయి. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. అందుకే ప్రొఫైల్ బొమ్మ నొక్కి ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడండి. అది బ్యాకప్ అయినవాటినే, అదీ ఫోన్‌లోంచి మాత్రమే తీసేస్తుంది.

వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి ఫొటోల సంగతి వేరు. ఆ ఫోల్డర్‌కు బ్యాకప్ విడిగా ఆన్ చేయకపోతే అవి గూగుల్ ఫొటోస్‌లోకి చేరవు. ముందు అది చూసుకోండి.

ఇక ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల దగ్గర ఉండే ‘క్లియర్ క్యాష్’తో టెన్షన్ లేదు, అది తాత్కాలిక ఫైళ్లనే తీసేస్తుంది. వాట్సాప్‌కు పొరపాటున, యాప్‌లోని సమాచారమంతా తుడిచేసే ‘క్లియర్ డేటా’ నొక్కారో, బ్యాకప్ లేని చాట్‌లు గోవిందా!