మహారాజశ్రీ స్ట్రయికవుట్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం గురించి ప్రత్యేకంగా అడగక్కర్లేదు, మొన్న ఆదివారం మధ్యాహ్నం బేస్‌బాల్ మ్యాచ్‌లో రెండున్నర గంటలు నెత్తి మాడే ఎండలో కూర్చుని కళ్ళారా చూశాను. ఊపి తగిలించలేకో, కొట్టాల్సిన బంతిని వదిలేసో మూడు స్ట్రయిక్‌లు పడి బ్యాటర్ అవుటైతే, అది తమరి దర్శనమే కదా. రెండు టీములకీ కలిపి ఇరవై ఏడు సార్లు దర్శనమిచ్చారు. తిరుమల వెళ్ళినా అన్నిసార్లు దొరకదు.

ఏడో ఇన్నింగ్ సంగతి తమరు మర్చిపోయి ఉంటారు, రోజూ చేసే పనే కాబట్టి. నేను మర్చిపోలేను. ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం, మూడు బేసుల మీదా మనవాళ్ళే, ఇంకా ఒక్కరూ అవుటవలేదు. బంతి బ్యాటుకి తగిలితే చాలు. దూరంగా గాల్లోకి లేచి ఎవడి చేతిలోనో పడినా, నేలమీద మెల్లగా దొర్లినా, మూడో బేస్ మీదున్నవాడు ఇంటికొచ్చే, అంటే పరుగు తెచ్చే, వీలుంటుంది. పక్కన మా నాన్న. తెనాలి నుంచి వచ్చి మూడు వారాలైంది, డెబ్బై మూడేళ్ళ వయసులో మొదటి బేస్‌బాల్ మ్యాచ్. ఆరు ఇన్నింగ్స్ పాటు నోరెండిపోయేలా రూల్స్ చెప్పుకొచ్చాను. "ఇప్పుడు చూడండి నాన్నా, ఇదీ అసలు ఆట" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మొదటివాడు మూడు ఊపులు ఊపాడు. రెండోవాడు రెండు ఫౌల్స్ (గీత బయటికి పోయే బంతులు) కొట్టి కాస్త ఆశపెట్టి, నేలకి తగలబోయే బంతి మీదకి బ్యాటు విసిరి వెళ్ళిపోయాడు. మూడోవాడు బ్యాటు భుజం మీంచి దించనే లేదు. బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు, బస్సు వెళ్ళిపోయింది.

"ఏరా, ఇతను బ్యాట్స్‌మనేనా?" అన్నారు నాన్న.

"మంచి ప్లేయరే నాన్నా."

"జీతమెంత?"

చెప్పాను. రూపాయల్లో చెప్పమన్నారు. చెప్పాను. వేరుశనక్కాయలు ఒలవడం ఆపేశారు.

పార్కింగ్‌కి పోసిన నలభై డాలర్ల మాట ఈ లేఖలో ఎత్తను. నిమ్మరసం పేరుతో అమ్మిన చక్కెర నీళ్ళ మాటా ఎత్తను. ప్రతి బ్యాటర్‌కీ ఒక పాట వేసి, పెళ్ళికొడుకుని మండపానికి తెచ్చినట్టు తేవడం, తీరా వచ్చినవాడు నాలుగు బంతుల్లో వెనక్కి నడవడం, అదీ వదిలేస్తున్నాను. నేను వదల్లేకపోతున్నది ఆ తర్వాత జరిగింది. మూడో అవుట్ కదా, ఇంక ఫీల్డింగ్‌కి దిగాలి, వాడికి ఎవరో టోపీ, గ్లవ్ తెచ్చిచ్చారు. హెల్మెట్ తీసి అతని చేతిలో పెట్టాడు. టోపీ సర్దుకున్నాడు. వెనక జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి నోట్లో పోసుకున్నాడు. ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుకున్నారండీ! మూడు బేసుల మీద ముగ్గురిని గాలికొదిలేసి వచ్చి!

ఒకప్పుడు తమరి పేరు చెబితే తలెత్తుకోలేకపోయేవాళ్ళు. 1941లో జో డిమాజియో వరసగా 56 మ్యాచుల్లో హిట్ కొట్టాడు (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరాడు), మన సిక్సర్ లాంటి హోమ్ రన్లు కూడా 30 కొట్టాడు, ఆ సీజన్ మొత్తమ్మీద తమరికి దొరికింది 13 సార్లు. మా ఆదివారం లెక్కలో సగం కూడా కాదు. ఆయన కెరీర్‌లో హోమ్ రన్లు 361, స్ట్రయికవుట్లు 369, అంటే రెండూ ఇంచుమించు సమానం. జో సూవెల్ అని క్లీవ్‌లాండ్ వాడొకడు, 1925లో 608 సార్లు బ్యాటింగ్ చేసి నాలుగంటే నాలుగుసార్లు తమరి చేతికి చిక్కాడు. 14 ఏళ్ళు ఆడి మొత్తం 114. మరీ పాతకాలం అంటారా, టోనీ గ్విన్ 2001 దాకా ఆడాడు, 20 సీజన్లలో ఏ ఒక్క ఏడాదీ 40 దాటలేదు. రెండు స్ట్రయిక్‌లు పడ్డాయంటే చాలామంది బ్యాటుని అంగుళమో రెండంగుళాలో పైకి పట్టుకుని, ఊపు తగ్గించి, ఎలాగోలా తగిలించేవాళ్ళు. పరువు సంగతి అది.

బేబ్ రూత్‌ని అడ్డం పెట్టుకుంటారని తెలుసు. ఒప్పుకుంటాను, ఆయన 1330 సార్లు తమరికి దండం పెట్టాడు, ఆ కాలానికి అది చాలా ఎక్కువ. కానీ 714 హోమ్ రన్లు కొట్టినవాడికి లోకం మినహాయింపు ఇచ్చింది. తర్వాత అలాంటి హోమ్ రన్ వీరులే మికీ మాంటిల్, రెజీ జాక్సన్ వచ్చారు. రెజీ కెరీర్ లెక్క 2597, ఇప్పటికీ రికార్డు, అయినా మేటి ఆటగాళ్ళ గౌరవశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టారు. ఇప్పుడు ప్రతివాడూ తనకి తానే మినహాయింపు ఇచ్చుకుంటున్నాడు, గొడవంతా అక్కడే.

సిగ్గు చచ్చిపోయిన తేదీ కూడా నేను కాస్త లెక్కగట్టాను. 1970లో బాబీ బాండ్స్ ఒకే సీజన్‌లో 189 స్ట్రయికవుట్లతో రికార్డు పెట్టాడు. 2002లో మిల్వాకీలో హోసే హెర్నాండెజ్ 188 దగ్గరికొచ్చి ఆగాడు. ఆగాడు అంటే, సీజన్ చివరి మ్యాచుల్లో ఎక్కువ భాగం బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఆ ఏడాది ఆల్‌స్టార్ మ్యాచ్ ఆడినవాడండీ, ఒక్క అవమానం తప్పించుకోవడానికి అలా దాక్కోవాల్సొచ్చింది. ఆ బెంచీ అంటే నాకు గౌరవం. రెండేళ్ళు తిరిగేసరికి ఆడమ్ డన్ 195తో ఆ రికార్డు కొట్టేశాడు, ఎవరూ దాక్కోలేదు. 2009లో అరిజోనాలో మార్క్ రేనాల్డ్స్ 223కి తీసుకెళ్ళాడు. సూవెల్ 14 ఏళ్ళలో చేసినదానికి దాదాపు రెండింతలు, ఒక్క వేసవిలో. అదే ఏడాది 44 హోమ్ రన్లు కొట్టాడు కాబట్టి మాట్లాడకూడదట. 2018కి వచ్చేసరికి లీగ్ మొత్తమ్మీద హిట్ల కంటే తమరే ఎక్కువ, అంతకు ముందు ఏ సీజన్‌లోనూ లేని చోద్యం.

ఇక తమరి తరఫు వకీళ్ళు, అదే, లాప్‌టాప్ పెట్టుకుని టీము ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళు. అవుట్ ఎలా అయినా అవుటే అంటారు. నేలబారుగా కొడితే డబుల్ ప్లే అయ్యి ఇద్దరు పోవచ్చు, స్ట్రయికవుట్ అయితే ఒక్కడే పోతాడు అంటారు. బంతిని పైకి లేపాలి, లాంచ్ యాంగిల్, అంటే బంతి లేచే కోణం, చూసుకోవాలి, తొంభై అయిదు మైళ్ళ వేగంతో వచ్చే బంతుల్ని కొట్టి మూడు సింగిల్స్ (ఒక్కో బేస్ హిట్లు) తీయడం కంటే ఒక్క హోమ్ రన్ కోసం చూడటమే తెలివి అంటారు. నేనూ లెక్కలు చేసే ఉద్యోగమే చేస్తాను, వాళ్ళ లెక్క తప్పని అనలేను. అదే కడుపుమంట. ఒక్కటి మాత్రం అడుగుతాను. బ్యాటర్‌తో "స్ట్రయికవుట్ అయితే ఏం ఫర్లేదు" అని చెప్పే ఆ ఆఫీసే, అదే స్ట్రయికవుట్ తీసే పిచ్చర్‌కి, అంటే బంతి వేసేవాడికి, కోట్లు పోసి తెచ్చుకుంటుంది. ఏం ఫర్లేని సరుకుకి అంత రేటెందుకయ్యా?

మూడో బేస్ మీద మనిషి ఉండి, ఒక్కరూ అవుటవనప్పుడు ఆ లెక్కలే చెబుతాయి, నీకంటే దరిద్రమైన అవుట్లు చాలా తక్కువని. అప్పుడు కూడా బ్యాటు పొట్టిగా పట్టుకోరు! లూయిస్ అరాయెజ్ అని ఒకడున్నాడు, 2023లో .354 సగటు, అంటే వెయ్యికి 354 హిట్ల లెక్కన, కొట్టి 34 సార్లే నీకు చిక్కాడు, అలాంటివాణ్ణి మిన్నెసోటా నుంచి మయామీకి, మయామీ నుంచి శాన్ డియేగోకి సామానులా పంపించారు. నువ్వు చేసిన పని ఏమిటో తెలుసా? ఆటగాడి మొహంలోంచి బాధ తీసేశావు. ఓడినా ఫర్లేదు, అవుటైనా ఫర్లేదు, కాస్త బాధపడితే ఏం పోయింది? చిన్నప్పుడు మా వీధిలో డకౌట్ అయితే బ్యాటు పక్కవాడికిచ్చి, మురిక్కాలవలో పడ్డ బంతులు తీసే డ్యూటీ చేసేవాణ్ణి. అన్నం సయించేది కాదు. వీడు గింజలు నముల్తాడు!

క్షమించాలి, తమరిని ఏకవచనంలో పిలిచాను.

నాన్న మాత్రం ఆ రోజు స్కోరుకార్డు ఇష్టపడ్డారు. తమరికి కె అక్షరం రాస్తారని చూపించాను. ఎస్ కదా రాయాలి అన్నారు. 19వ శతాబ్దంలో హెన్రీ చాడ్విక్ అనే విలేకరి ఎస్‌ని శాక్రిఫైస్‌కి (తాను అవుటై తోటివాణ్ణి ముందుకి పంపడానికి) వాడేసుకుని, స్ట్రక్ అనే మాటలో చివరి అక్షరాన్ని తమరికి కేటాయించాడని చెప్పాను. కదలకుండా నిలబడి అవుటైతే కె ని తిరగేసి రాస్తారని కూడా చెప్పాను. ఆ బస్సు మనిషికి ఆయనే రాశారు, పెన్సిల్ గట్టిగా నొక్కి, కాగితం చిరిగేలా.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆయన డ్రైవ్‌వేలో నా కొడుక్కి బంతులు వేశారు. తొమ్మిదేళ్ళవాడు, పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో తమరికి పరమభక్తుడు, అవుటై వస్తే వాళ్ళ కోచ్ "గుడ్ స్వింగ్" అని వీపు తడతాడు. "రెండు పోయాక బ్యాటు కాస్త పైకి పట్టుకోరా, తగిలిస్తే చాలు" అన్నారు నాన్న. డిమాజియో పేరు కూడా వినని మనిషి! నాకు కళ్ళు చెమర్చాయి. వీడు "బోర్ తాతయ్యా" అని మళ్ళీ బ్యాటు కిందదాకా జార్చి పట్టుకుని, ఒళ్ళంతా తిప్పి ఊపాడు. మిస్. మళ్ళీ మిస్. ఏడెనిమిది మిస్సుల తర్వాత ఒకటి తగిలింది, పక్కింటి కంచె దాటి వాళ్ళ గ్రిల్ మీద ఠంగుమంది.

"సిక్సరా!" అని అరిచారు నాన్న. యాభై ఏళ్ళుగా నాకు వికెట్ కాపాడుకోమని చెప్పిన నాన్న. "ఒరేయ్ బుడ్డీ, ఇంకోటి అలాంటిదే కొట్టు!"

ఇట్లు,
సెక్షన్ 318, వరస 9లో ఎండకి మాడినవాడు

తా.క. బంతి ఇంకా పక్కింటివాళ్ళ దగ్గరే ఉంది. వెళ్ళి అడగమంటే తాతా మనవడూ నా వైపు చూస్తున్నారు.