ఆకాశరామన్నకు ఇప్పుడు మెయిల్ ఐడీ ఉంది

ఎదురుపడి అనే దమ్ము లేనివాడు ఒకప్పుడు ఆకాశరామన్న పేరుతో కార్డు ముక్క రాసి డబ్బాలో పడేసేవాడు. చేతిరాత ఎవరిదో, ఏ పోస్టాఫీసు ముద్ర పడిందో చూసి ఊళ్లోవాళ్లు సగం ఆచూకీ లాగేవారు. ఇప్పుడు చేతిరాతా లేదు, ముద్రా లేదు. పైగా ఒకే ఉత్తరం ఒక్క నొక్కుతో వందమందికి వెళ్తుంది.

2023 డిసెంబర్ 1న బెంగళూరులో పదుల సంఖ్యలో బడులకు బాంబు పెట్టామన్న బెదిరింపు మెయిల్ అలాగే వెళ్లింది. 2024 మే 1న ఢిల్లీ, నోయిడా ప్రాంతాల్లో వందకు పైగా బడులకు వెళ్లింది. తల్లిదండ్రులు ఉన్నపళంగా గేట్ల దగ్గరికి పరిగెత్తారు. చివరికి అంతా ఉత్తుత్తిదేనని కేంద్ర హోంశాఖ తేల్చింది. ఆ ఏడాది అక్టోబర్‌లో తిరుపతి హోటళ్లకూ ఇలాంటి మెయిళ్లే వచ్చాయి. విమానాల సంగతి మరీ విపరీతం. ఆ ఏడాది నవంబర్ మధ్య నాటికే 999 ఉత్తుత్తి బెదిరింపులు వచ్చాయని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. వాటిలో చాలా భాగం సోషల్ మీడియా పోస్టులు.

ఇంత హడావిడి చేసింది ఎవరయ్యా అంటే, దొరికిన కొందరిని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2025 జనవరిలో ఢిల్లీ పోలీసులకు చిక్కింది పరీక్ష తప్పించుకోవాలనుకున్న పన్నెండో తరగతి కుర్రాడు. అదే ఏడాది జూన్‌లో అహ్మదాబాద్ పోలీసులు చెన్నైలో అరెస్టు చేసింది ఒక మహిళా ఇంజినీరును. తనను కాదన్న మనిషిని ఇరికించడానికి అతని పేరు వచ్చేలా ఐడీలు సృష్టించి, పది రాష్ట్రాలకు పైగా బాంబు మెయిళ్లు పంపిందన్నది అభియోగం. ఎక్కడి నుంచి పంపుతున్నారో దాచే వీపీఎన్, టార్ వాడినా చిన్న పొరపాటు పట్టించిందని పోలీసులు చెప్పారు. గమనించాల్సింది ఏమిటంటే, పోలీసులు చెప్పినదాని ప్రకారం ఆ మెయిళ్ల అసలు గురి స్టేడియమో బడో కాదు, ఒకే ఒక్క మనిషి.

నా అభ్యంతరం ఇక్కడే. వందమందికి ఒకేసారి వచ్చిన మెయిల్‌కు బాంబు స్క్వాడ్, జాగిలాలు, టీవీల్లో స్క్రోలింగ్. ఒక్క మనిషికి, అందులోనూ ఒక ఆడమనిషికి, పేరూ చిరునామాతో సహా వచ్చిన మెయిల్‌కు మాత్రం "డిలీట్ కొట్టెయ్యమ్మా, ఐడీ మార్చుకో" అన్న సలహా. బడిని ఖాళీ చేయించొద్దని అనను. పిల్లల విషయంలో ఏ ప్రిన్సిపాలూ జూదం ఆడలేరు. కానీ ప్రమాదాన్ని తూచే తక్కెడ మాత్రం తిరగబడి ఉంది.

విమానాశ్రయాల్లో సరిగ్గా తూచే తక్కెడ ఉంది. బెదిరింపు రాగానే బాంబు థ్రెట్ అసెస్‌మెంట్ కమిటీ కూర్చుంటుంది. ఏ విమానం, ఏ తేదీ, ఏ వివరం అన్నది చూసి, అది నిర్దిష్టమైనదా కాదా అని నిర్ణయిస్తుంది. 2024 అక్టోబర్ తాకిడి తర్వాత ఆ ప్రమాణాలను సవరించారు కూడా. అదే ప్రశ్న ఇంట్లో ఫోన్ పట్టుకుని వణుకుతున్న మనిషికీ పనికొస్తుంది. "నీ వీడియో నా దగ్గరుంది, బిట్‌కాయిన్ పంపు" అనే మెయిల్‌లో మీ పాత పాస్‌వర్డ్ కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి లీకైన జాబితాలోది. అదే ఉత్తరం లక్షలమందికి వెళ్లి ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల తనిఖీ పెట్టుకుంటే చాలు, డబ్బు పంపనక్కర్లేదు. "ఏడున్నరకు ఆఫీసు దిగుతావు, నీలం స్కూటీ మీద వెళ్తావు" అని రాసినవాడు వేరు. వాడు లక్షమందికి రాయలేదు, చూసి రాశాడు.

చట్టం ఈ తేడాను పట్టించుకుంటుందా? పైకి చూస్తే పట్టించుకున్నట్టే ఉంటుంది. భారతీయ న్యాయ సంహిత 351(4) ప్రకారం పేరు దాచి బెదిరిస్తే, బెదిరింపుకు పడే శిక్షకు అదనంగా రెండేళ్ల వరకు జైలు. కానీ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ మొదటి షెడ్యూలు ఆ నేరాన్ని నాన్ కాగ్నిజబుల్ జాబితాలో పెట్టింది. అంటే మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్లో రాసుకుని కోర్టుకు వెళ్లమంటారు. బెదిరించినవాడి కంటే బాధితురాలికే తిరుగుడు ఎక్కువ! అందుకే ఫిర్యాదులో "బెదిరించారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకూడదు. వెంటపడి నిఘా పెడుతుంటే ఆ సంగతి విడిగా రాయాలి, అది 78వ సెక్షన్. డబ్బు అడిగితే 308. ఆ రెండు దారుల్లో పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు.

ఇక ఆధారాలు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో తిప్పడం మనవాళ్లకు అలవాటు. దానివల్ల దర్యాప్తుకు ఒరిగేది తక్కువ. పాత కార్డు మీది పోస్టాఫీసు ముద్రకు ఇప్పటి రూపం మెయిల్ హెడర్. ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో అందులో ఉంటుంది. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అది పోతుంది. జీమెయిల్‌లో షో ఒరిజినల్ నొక్కి ఫైలును దించుకోవాలి, ఇన్‌బాక్స్‌లో ఉన్నదాన్ని కదపకూడదు. జవాబు ఇవ్వకూడదు. ఇచ్చారంటే ఐడీ పనిచేస్తోందనీ, మీరు భయపడ్డారనీ వాడికి చెప్పినట్టే. హెడర్ కూడా సర్వరోగ నివారిణి కాదు. జీమెయిల్ వెబ్‌లో పంపితే పంపినవాడి ఐపీ అందులో కనిపించదు, ఆ వివరం గూగుల్ సర్వర్లు రాసుకునే రికార్డుల్లోనే, అంటే లాగుల్లోనే ఉంటుంది. మన దేశంలో లాగులను 180 రోజులు దాచాలని 2022లో సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. విదేశీ సర్వీసు అయితే ఆ దేశపు కోర్టుల దాకా వెళ్లాల్సి రావచ్చు. కాబట్టి ఆలస్యమైన ప్రతి వారం వాడికి లాభమే.

సర్వీసునే మూసేస్తే పోలా అనే ఆలోచనా ఉంది. ఒక కంపెనీలోని మహిళా ఉద్యోగుల గురించి అసభ్య మెయిళ్లు వచ్చిన కేసులో, 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్ అనే విదేశీ మెయిల్ సర్వీసును దేశంలో నిలిపేసే చర్యలు మొదలుపెట్టమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ మహిళల కోపం న్యాయమైనదే. కానీ పోస్టు డబ్బా పీకేసినంత మాత్రాన ఆకాశరామన్న ఎవరో తెలియదు. వాడు పక్క వీధి డబ్బాకు వెళ్తాడు. అంతకంటే తేలికైన మార్పు ఒకటుంది. 351(4)లో, బెదిరింపు ఒక మనిషి ఇల్లూ వేళలూ తెలిసి రాసిందైతే, దాన్ని కాగ్నిజబుల్ చేయడం. అప్పటిదాకా స్టేషన్ బల్ల ముందు నిలబడ్డ అమ్మాయి, దించుకున్న ఫైలున్న పెన్‌డ్రైవ్‌తో పాటు ఏ సెక్షనో కూడా తనే చెప్పాల్సి వస్తుంది.