తప్పు జవాబుకూ గోడ మీద చోటు

తరగతి గది గోడలకు పన్నెండు చీటీలు అంటించి, బీజగణిత అసమీకరణాల (ఒక వైపు మరోదానికంటే పెద్దదనో, చిన్నదనో చెప్పే లెక్కల) అభ్యాసాన్ని వెతుకులాటగా మార్చే పద్ధతి ఒకటి ఉంది. ప్రతి చీటీకీ పైన ఒక జవాబు, కింద మరో లెక్క ఉంటాయి. జంటగా వచ్చిన విద్యార్థులు ఏ చీటీ దగ్గరైనా మొదలుపెట్టి, కింది లెక్క చేసి, వచ్చిన జవాబు ఏ చీటీ నెత్తిన ఉందో వెతుక్కుంటూ వెళ్లాలి. అన్నీ సరిగా చేసినవారు పన్నెండూ చుట్టి, బయలుదేరిన చోటికే చేరతారు. ఇందులో హుషారుందని ఒప్పుకుంటాం. అయితే గంట కొట్టాక పిల్లల దగ్గర మిగిలేది ఆ హుషారేనా, లెక్క కూడానా అన్నది చీటీలు రాసినవారి చేతిలోనే ఉంది.

సమీకరణాల్లో నేర్చిన మెట్లు అసమీకరణాల్లోనూ దాదాపు అలాగే పనిచేస్తాయి. రుణ సంఖ్యతో గుణించినా, భాగించినా పెద్దది-చిన్నది చూపే గుర్తు తిరగబడుతుందన్న ఒక్క చోటే పిల్లల కాలు జారుతుంది. సమాన గుర్తును గణితజ్ఞుడు రాబర్ట్ రికార్డ్ 1557లోనే అచ్చువేయగా, <, > గుర్తులు మరో గణితజ్ఞుడు థామస్ హారియట్ మరణానంతరం 1631లో వెలువడిన గ్రంథంతో గానీ అచ్చుకెక్కలేదు. తరగతిలోనూ అవి వెనకే వస్తాయి కనుక, సమాన గుర్తుకు అలవాటుపడిన చెయ్యి వీటినీ అదే ఊపులో లాగించేస్తుంది.

చలరాశిని ‘య’ అనుకుని 5 − 3య > 14 అన్న లెక్కనే చూద్దాం. రెండు వైపులా 5 తీసేస్తే −3య > 9 మిగులుతుంది. −3తో భాగిస్తే య < −3 వస్తుంది. గుర్తు తిప్పడం మరచినవారికి య > −3 వస్తుంది. ఆ జవాబు గోడల మీద ఎక్కడా లేకపోతే ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు: విద్యార్థి గదంతా ఒకసారి కలియజూసి, దానికి దగ్గరగా ఉన్న య < −3 చీటీని పట్టుకుని, తన కాగితం మీద గుర్తును గుట్టుగా తిప్పేసి ముందుకు సాగుతాడు. తప్పు దిద్దుకున్నాడే గాని, అది ఎందుకు తప్పో అతడికి తెలియలేదు.

అందుకే తప్పు జవాబు కూడా గోడ మీద ఉండాలంటున్నాం. 2య + 7 > 1 అన్న లెక్కకు య > −3 సరైన జవాబే. దాన్ని పన్నెండింటిలో ఒకటిగా చేర్చితే, గుర్తు మరచిన జంట నమ్మకంగా అటే నడిచి, మధ్యలో కొన్ని చీటీలను దాటేయడమో, చూసిన చీటీకే మళ్లీ రావడమో జరుగుతుంది. ఎనిమిదింటికే చుట్టు పూర్తయిందంటే ఎక్కడో దారి తప్పినట్టే. అప్పుడు ఎవరూ చెప్పకుండానే వెనక్కి నడవాల్సి వస్తుంది.

ఆ వెనక నడకకు ఒక చేతికర్ర కావాలి. జవాబు పత్రంలో ప్రతి లెక్క పక్కనా ‘సరిచూసిన విలువ’ అని ఒక గడి పెడితే చాలు. మొదటి లెక్కలో య స్థానంలో 0 పెడితే 5 > 14 అవుతుంది, అది అబద్ధం; కాబట్టి 0ని కలుపుకునే య > −3 జవాబు కాజాలదు. −4 పెడితే 17 > 14, నిజమే. ఇంతకీ గుర్తు ఎందుకు తిరగాలంటే, 2 కంటే 5 పెద్దదైనా, సంఖ్యారేఖ మీద రెండింటినీ సున్నాకు అవతలి వైపుకు తిప్పితే −5 కంటే −2 పెద్దదవుతుంది. ఈ మాట ఆటకు ముందు నల్లబల్ల మీద చెప్పినప్పటికంటే, దారి తప్పి వచ్చిన జంటకు చెప్పినప్పుడు బాగా ఎక్కుతుందని మా నమ్మకం.

ఒకరి వెంట ఒకరు గుంపుగా నడిచిపోవడం ఈ ఆటకున్న పాత జబ్బు. జంటలు వేర్వేరు చీటీల దగ్గర మొదలుపెట్టి, చీటీల సంఖ్యలను వరుసగా రాసుకుంటే అది చాలావరకు తగ్గుతుంది. ఆ వరుస చూస్తే దారి ఎక్కడ తెగిందో ఉపాధ్యాయుడికీ ఇట్టే తెలుస్తుంది. నడవడం కష్టమైన విద్యార్థి ఉంటే చీటీలే బల్ల దగ్గరికి రావాలి. ఇక ముందుగా చుట్టివచ్చిన జంటకు బహుమతి ఇచ్చే ఆనవాయితీని మానుకోవడం మంచిది. పరుగు పందెమైతే సరిచూసే గడి ఖాళీగానే మిగిలిపోతుంది.