గౌరవనీయులైన లోపలి చెవి గారికి

విశాఖపట్నం, మహారాణిపేట నుంచి, తమరి యజమానినని ఇన్నాళ్ళూ భ్రమపడిన ఒక పెన్షనరు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

విషయం: ఓడ ప్రయాణంలో తమరు కళ్ళను సంప్రదించకుండా, నా సంతకం లేకుండా, నేరుగా కడుపుకు జారీ చేయించిన ఉత్తర్వుల గురించి.

అయ్యా,

తమరు 61 ఏళ్ళుగా నా తలలో, కణత ఎముక లోపల, వేలి గోరంత చోటులో అద్దె లేకుండా కాపురముంటున్నారు. ఇన్నేళ్ళలో తమరిని ఒక్కసారైనా పలకరించిన పాపాన పోలేదు. చెవి ఉన్నది వినడానికేననీ, నిటారుగా నిలబడటం, చీకట్లో గడప దాటడం, కదిలే బస్సులో కమ్మీ పట్టుకుని టికెట్టు డబ్బులు లెక్కపెట్టడం వంటివన్నీ నా సొంత ప్రతిభేననీ నమ్మాను. ఆ అజ్ఞానానికి తమరు వేసిన శిక్ష చాలినంత అయిందనీ, ఇకమీదట కొనసాగించవద్దనీ కోరడానికే ఈ లేఖ.

సముద్రం గురించి విశాఖవాసికి ఒకరు చెప్పేదేమిటన్న పొగరు నాకు మొదటి నుంచీ ఉంది. 1933లో ఓడరేవు తెరుచుకున్న ఊరు మాది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ ఓడ నీటిలోకి జారిన ఊరు మాది. ఓడల రాకపోకల లెక్కలు రాయడంలోనే 31 ఏళ్ళు గడిపాను. ఏ ఓడ ఎన్ని టన్నుల ఇనుప ఖనిజం మోసుకుపోయిందో, ఏ బెర్తు దగ్గర ఎన్ని గంటలు నిలిచిందో, ఎంత బాకీ పడిందో పైసలతో సహా చెప్పగలిగేవాణ్ణి. ఇంటికి చుట్టాలు వస్తే బీచి రోడ్డు గోడ మీద కూర్చోబెట్టి, మురీ మిక్చరు చేతిలో పెట్టి, దూరాన లంగరు వేసిన ఓడలను చూపించి వాటి జాతకాలు విప్పేవాణ్ణి. ఇంత చేసినవాణ్ణి ఒక్క ఓడా ఎక్కలేదు. నా కాగితాల మీద ఏ ఓడా ఊగలేదు కూడా.

ఉద్యోగ విరమణ తరువాత మా మేనల్లుడు ఒక విహార నౌకకు టికెట్లు తీశాడు. విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి, చెన్నై తాకి, తిరిగి విశాఖలోనే దిగడం. ఆషాఢంలో చవకగా వస్తున్నదని సంతోషించానే గాని, నైరుతి గాలి బలంగా వీచే నెలల్లో బంగాళాఖాతం మీద టికెట్టు ఎందుకు చవకవుతుందని అడగలేదు. ‘కదులుతున్నట్టే తెలియదు’ అని ప్రకటనలో ఉంది. ఎవరికి తెలియదో అందులో రాయలేదు.

గది ఎంపిక మాత్రం పూర్తిగా నాదే, ఆ నేరం ఎవరి మీదా వెయ్యను. అరకు ఘాట్ రోడ్డులో వెనక సీటు కంటే ముందు సీటు మేలన్న అనుభవంతో, ఓడలోనూ ముందు కొసన, అదీ పై అంతస్తులో కావాలని పట్టుబట్టాను. పార్కులో పిల్లల తూగుడుబల్ల మధ్యన కూర్చున్నవాడికి ఏమీ కాదనీ, కొసన కూర్చున్నవాడే ఆకాశానికీ పాతాళానికీ తిరుగుతాడనీ నాకు తెలుసు. ఓడ కూడా అలాంటిదేననీ, పైకి పోయినకొద్దీ పక్క ఊపు కూడా పెరుగుతుందనీ తట్టలేదు. కిటికీ ఉన్న గదికి అదనపు సొమ్ము అడిగితే, జీవితమంతా ఉచితంగా చూసిన సముద్రానికి ఇప్పుడు డబ్బు కట్టడమేమిటని కిటికీ లేని గది తీసుకున్నాను. (తమరు అప్పుడే చేతులు రుద్దుకుని ఉంటారు.)

బయలుదేరే ముందు రోజు మా ఇంటికి సలహాలు పిలవని పేరంటాళ్ళలా వచ్చాయి. నిమ్మకాయ వాసన చూడమన్నారు, ఎండు ఉసిరి బుగ్గన పెట్టుకోమన్నారు, అల్లం మురబ్బా పొట్లం కట్టి ఇచ్చారు. వీటిలో అల్లం కొంత పనిచేస్తుందని కొన్ని పరీక్షల్లో తేలింది. నిమ్మకాయ మాత్రం నాకు చివరిదాకా నిమ్మకాయ వాసనే వేసింది. మా తోడల్లుడు రెండు చెవులలోనూ దూది పెట్టుకోమన్నాడు. తూకం చూసే తమరి ఈ శాఖకు చప్పుడుతో పని లేదనీ, దూది పెట్టినా గోడ కట్టినా తల కదిలితే తమరికి తెలిసిపోతుందనీ ఆయనకు చెప్పేవాళ్ళు లేకపోయారు. డాక్టరు రాసిన మాత్రను ఓడ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలట. రోగం రాకముందే మందేమిటి, దండగ అని దాన్ని జేబులో దాచాను. ఈ పొదుపు సంగతి మళ్ళీ వస్తుంది.

సాయంకాలం రేవు దాటేటప్పుడు అంతా సవ్యంగానే ఉంది. వేట నిషేధం ముగిసి సముద్రంలోకి పోతున్న ఒక మరబోటు, మా ఓడకు కొంత దూరంలో, అల వచ్చినప్పుడల్లా మునిగిపోయిందేమో అన్నట్టు దిగి మళ్ళీ లేస్తున్నది. దాని మీద ఒక కలాసీ వలల కుప్పకు ఆనుకుని, సత్తుగిన్నెలో అన్నం కలుపుకుని నింపాదిగా తింటున్నాడు. గిన్నె ఊగుతున్నది, మనిషి ఊగుతున్నాడు, ముద్ద మాత్రం నోరు తప్పడం లేదు. పాపం, ఎలా తింటున్నాడో అని నేను జాలిపడ్డాను.

డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభం వెనకబడి కనుమరుగయ్యాక భోజనశాలకు వెళ్ళి, పెసరపప్పు, బంగాళాదుంప వేపుడు వడ్డించుకుని కూర్చున్నాను. ఎదురుగా గాజు గ్లాసులో నీళ్ళున్నాయి. బల్ల సమంగానే కనిపిస్తున్నది, గ్లాసు నిటారుగానే ఉన్నది, అందులోని నీళ్ళు మాత్రం కుడి అంచు మీదికి అరంగుళం ఎక్కి, ఒక్క క్షణం ఆగి ఆలోచించుకుని, దిగి, ఎడమ అంచుకు ఎక్కాయి. వాటినే చూస్తుండగా నోట్లో నీళ్ళు ఊరడం మొదలయింది. ఆకలికి ఊరే నీళ్ళు కావవి. వేపుడు మీద వైరాగ్యం కలిగింది.

తమరి కార్యాలయం ఎలా నడుస్తుందో తరువాత కూపీ లాగి తెలుసుకున్నాను. బడిలో చదివి, పరీక్షలో బొమ్మ గీసి, ఆ సాయంత్రమే మరిచిపోయిన మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే వంపు తిరిగిన సన్నని గొట్టాలు, తమరి అధీనంలో ఉన్నాయి. తల ఎటు తిరిగినా వాటిలోని ద్రవం ఒక్క క్షణం వెనకబడి, అక్కడి సన్నని కేశాలను వంచుతుంది. వాటి పక్కన రెండు చిన్న సంచులు, వాటిలో జిగురు పొర మీద పరిచిన అతి సూక్ష్మమైన సున్నపు రాళ్ళు ఉన్నాయి. అలంకారానికి అంటున్న మాట కాదు, అవి కాల్షియం కార్బొనేటు స్ఫటికాలే. మనిషి పైకి లేచినా, కిందికి దిగినా, పక్కకు ఒరిగినా ఆ రాళ్ళు జరిగి కబురు చేరవేస్తాయి. కిటికీ లేని నా గదిలో కళ్ళు నాలుగు గోడలూ తనిఖీ చేసి, ‘ఇక్కడ ఏదీ కదలడం లేదు, అంతా సక్రమం’ అని సంతకం పెట్టాయి. తమరేమో ‘నిలువునా లేచి పడుతున్నాము, పక్కలకు ఒరుగుతున్నాము, కొలతలు జతపరిచాము’ అని రాశారు. ఒకే తేదీన, ఒకే సంఘటన మీద, రెండు శాఖల నుంచి రెండు నివేదికలు! నా సర్వీసులో ఇలాంటిది వస్తే ఇద్దరినీ పిలిపించి, టీ తెప్పించి, మధ్యాహ్నానికల్లా లెక్క కుదిర్చేవాణ్ణి. తమరి వ్యవస్థలో ఆ ఏర్పాటు లేదు. లెక్కలో తేడా వచ్చిందంటే చాలు, మనిషి విషం తిన్నాడని తీర్మానం, ఉన్నదంతా బయట పెట్టించమని కడుపుకు తాఖీదు.

విషం మాట నా కల్పన కాదు. ట్రైస్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఈ ఊహను ముందుకు తెచ్చాడు. అడవిలో విషపు కాయో దుంపో తిన్న మన పూర్వికుడికి మొదట తూలు వచ్చేదనీ, చూపుకూ తూకానికీ పొత్తు చెడగానే తిన్నది కక్కినవాడు బతికి బయటపడ్డాడనీ, ఓడలో శరీరం ఆ పాత జాగ్రత్తనే పొరపాటున పాటిస్తున్నదనీ ఆయన వాదన. పండితులందరూ దాన్ని ఒప్పుకోలేదు గాని, ఆ రాత్రి నా కడుపు ఏకగ్రీవంగా ఆమోదించింది. నేను తిన్నది పెసరపప్పు, అయ్యా.

రాత్రి పదకొండు గంటలకు జేబులోని మాత్ర గుర్తుకొచ్చి మింగాను. వికారం మొదలయ్యాక కడుపు తనలోని సరుకును పేగుల్లోకి పంపడం బాగా నెమ్మదిస్తుందనీ, మాత్ర అక్కడికి చేరితేనే పనిచేస్తుందనీ, ముందే వేసుకోమనడంలోని మర్మం అదేననీ నాకు తెలియదు. పది నిమిషాల తరువాత అది వాష్ బేసిన్‌లో గుండ్రంగా, తెల్లగా, మధ్య గీత కూడా చెరగకుండా దర్శనమిచ్చింది. ఖర్చు రాసిన పద్దు ఇంత నిక్కచ్చిగా తిరిగి జమ కావడం నా 31 ఏళ్ళలో చూడలేదు.

నిద్ర రాక, పాత అలవాటు కొద్దీ లెక్క పెట్టాను. మంచం లేచి, దిగి, మళ్ళీ లేవడానికి సుమారు అయిదారు సెకన్లు పడుతున్నది. గతుకుల రోడ్డు మీద ఆటోలో గంట కూర్చున్నా నడుము పట్టేస్తుందే గాని డోకు రాదు. అయిదారు సెకన్లకు ఒకసారి, తొందరేమీ లేనట్టు సాగే ఈ నిలువు ఊపే మనిషిని అన్నిటికంటే ఎక్కువగా వికారపెడుతుందని 1970లలో మనుషులను యంత్రాల మీద ఎక్కించి, ఊపి మరీ తేల్చారు. ఆ ఊపులకు ఎవరు ఒప్పుకుని ఎక్కారో గాని, వాళ్ళకు నా దండాలు. నీటి అడుగున రెక్కలు చాచి ఓడను నిలకడగా ఉంచుతామని ప్రకటనలో గొప్పగా రాసినదీ అబద్ధం కాదు. ఆ రెక్కలు పక్క ఊపును తగ్గిస్తాయి. ముందు కొస లేచి పడడాన్ని అవి అంతగా ఆపలేవు. నేను పడుకున్నది ముందు కొసననే.

మా ఆవిడకు ఏమీ కాలేదు. ఈ వాక్యం రాయడానికి చెయ్యి రావడం లేదు. ఉదయం ఇడ్లీలు ముగించి, రెండో విడత ఉప్మా కూడా ముగించి వచ్చి, గది తలుపు దగ్గర నిలబడి, “ఇన్నేళ్ళూ ఓడల లెక్కలు మీరు రాశారు, ఇవాళ మీ లెక్క ఓడ రాసిందండీ” అన్నది. ఆమె లోపలి చెవి గారు తమరి శాఖవారే అయినా, పై శాఖలతో సర్దుకుపోయే మనిషి కాబోలు.

నన్ను లేపి కూర్చోబెట్టినవాడు గది శుభ్రం చేయడానికి వచ్చిన భీమిలి కుర్రవాడు. “మాస్టారూ, గదిలో పడుకుంటే ఇంకా ఎక్కువైపోద్దండి. కింద అంతస్తులో మధ్యకి వచ్చేయండి. గాలి తగిలే చోట కూచుని, నీరూ ఆకాశం కలిసే గీత చూడండి. ఫోను మాత్రం చూడకండి” అన్నాడు. వాళ్ళ తాత వేటకు పోయేవాడట. నిమ్మకాయను జేబులో పెట్టుకుని, గోడలు పట్టుకుని అక్కడికి చేరాను. ఆ గీత నిలకడగా ఉన్నది. దాని ముందు ఓడ అంచు లేస్తూ దిగుతూ ఉన్నది. కళ్ళు మొట్టమొదటిసారిగా తమరి నివేదిక మీద ‘చూశాను, నిజమే’ అని రాశాయి. పావుగంటలో కడుపు చేతులు కట్టుకుని కూర్చున్నది. ఎండు రొట్టె ముక్క ఒకటి తిన్నాను, అది నాతోనే ఉండిపోయింది.

నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఓడ కదిలింది; తమరు కదిలిందనే రాశారు. కదలదని చెప్పినవాళ్ళు వేరే ఉన్నారు: ప్రకటన రాసినవారు, గోడలను చూసి మోసపోయిన నా కళ్ళు, మురీ మిక్చరు తింటూ గొప్పలు చెప్పిన నా నోరు. ఒక రూపాయి తేడా కనిపిస్తే మొత్తం సిబ్బంది జీతాల బిల్లు ఆపేసే నిజాయితీపరులను నా ఉద్యోగంలో చూశాను. తమరు ఆ కోవలోనివారు. అలాంటివారిని తప్పుపట్టలేము, వారితో వేగనూ లేము. నిజం రాయవద్దనడం లేదు, కాగితాన్ని కడుపు బల్ల మీదికి పంపించే ముందు ఒక్కసారి కళ్ళకు చూపించండి అంటున్నాను, అంతే.

తమరి బాధితులలో నేను మొదటివాణ్ణి కానని తెలిసి కొంత ఊరట పొందాను. 1831 చివర బీగిల్ ఓడ ఎక్కిన డార్విన్‌ను తమరి శాఖ 1836లో దిగేదాకా వేధిస్తూనే వచ్చింది. సముద్రయానాన్ని మనిషిని పతితుణ్ణి చేసే పాపాల పట్టికలో మొట్టమొదట చేర్చిన బౌధాయన ధర్మసూత్రకారుడు కూడా ఎప్పుడో ఒకసారి ఓడ ఎక్కి, తిరిగి వచ్చి, ఒడ్డున కూర్చుని ఆ సూత్రం రాసుకున్నాడేమో అని నా అనుమానం. ఇది నా అనుమానం మాత్రమే, పండితులు కోప్పడవద్దు. లోపలి చెవి పనిచేయనివారికి ఓడ వికారమే రాదు. 1882లో విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పలువురు బధిరులను గిరగిర తిప్పి చూసి, వారిలో మూడో వంతుకు పైగా మందికి తల తిరగనే లేదని రాశాడు. అది చదివి తమరికి ఉద్వాసన చెప్పాలన్న దురాలోచన నాకూ వచ్చింది. కాని తమరు లేకపోతే కళ్ళు మూసుకుని ముఖం కడుక్కోవడానికి కూడా గోడ పట్టుకోవాలని తెలిసి, ఆ కాగితం చించేశాను.

మూడో రోజుకు తమరు అలవాటు పడ్డారు. చేపల పులుసు కూడా తిన్నాను. తీరా అన్నీ కుదిరాక ఓడ విశాఖకు చేరింది, దిగగానే తమరు రెండో కేసు తెరిచారు: నేల ఎందుకు ఊగడం లేదని. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. తమరి దగ్గర మాత్రం దాటాక కూడా ఓడ మల్లయ్యే. ఇంటి స్నానాలగదిలో గచ్చు లేచి దిగింది. మరునాడు, చుట్టాలు వచ్చారు కదా అని, బీచి రోడ్డులో ఇసుక మీద నిలిపిన కుర్సుర జలాంతర్గామిని చూపించడానికి తీసుకువెళ్ళాను. లోపల ఇరుకు దారిలో నడుస్తుండగా అది ఎడమకు ఒరిగింది. రెండు చేతులతో పక్కనున్న గొట్టాన్ని పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నౌకాదళంలో పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకరు అక్కడ సందర్శకులకు వివరాలు చెబుతున్నారు. ఆయన మాట ఆపి నా వైపు చూసి, ఎంతో మర్యాదగా, “భయం లేదు మాస్టారూ, ఇది 2002 నుంచి ఇక్కడే ఉంది” అన్నారు.

చుట్టాలందరూ విన్నారు.

ఇట్లు,
తమరిని మోస్తున్న తలకాయ.

ప్రతి: కడుపు గారికి, సమాచారం నిమిత్తం. భోజనానికి ముందు చదవవద్దని మనవి.