నాలుగు టన్నుల రాయి కనబడుటలేదు

బరువు 8,500 పౌండ్లు. జాతి గ్రానైటు. నిలబెట్టింది 1912లో. స్వస్థలం అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, బ్లూ ఎర్త్ కౌంటీ, మన్‌కేటో. 1971లో ఉన్నచోటు నుంచి తీశారు. కొన్నాళ్లు ఏదో మూల పడుందన్నారు. ఆ తర్వాత అయిపూ అజా లేదు. ఆచూకీ తెలిసినవారు ఊరివాళ్లకు చెప్పాలని తొందరపడనక్కర్లేదు. అక్కడెవరికీ తొందరలేదు.

మనం గొడుగులు పారేసుకుంటాం. తహసీల్దారు ఆఫీసులో పాసుపుస్తకం ఫైలు పోతుంది, అది సహజం. కానీ నాలుగు టన్నుల రాయిని పారేసుకోవడానికి వేరే స్థాయి ప్రతిభ కావాలి. నేను రోజూ పడుకునే ముందు ఆ దృశ్యం ఊహించుకుంటాను. క్రేను వస్తుంది. లారీ వెనక్కి వస్తుంది. ఒకడు చెయ్యూపుతూ "రానీ, రానీ, కొంచెం ఎడంపక్కకి, ఆఁ ఆపు!" అంటాడు. గొలుసులు బిగిస్తారు. లారీ టైర్లు ఉస్సురంటాయి. దారిలో టీకి ఆగుతారు, రాయి బండిలోనే కూర్చుని ఎదురు చూస్తుంది. ఎక్కడో దింపుతారు, నేల ఓసారి అదురుతుంది. డ్రైవరు ఇంటికెళ్తాడు. "ఇవాళ ఏం మోశావయ్యా?" అని పెళ్లాం అడుగుతుంది. "ఏమోనే, గుర్తు లేదు" అంటాడు. క్రేనువాడికీ గుర్తు లేదు. చెయ్యూపినవాడికీ గుర్తు లేదు. రసీదు రాసిన గుమాస్తా అసలు పెన్నే పట్టలేదు.

ఇంత మతిమరుపు ఆ కౌంటీకి వంశపారంపర్యమా అంటే, కాదు. 1700లో ల స్యూర్ అనే ఫ్రెంచి దొర వచ్చి నది ఒడ్డున నీలి మట్టి చూశాడు, రాగి అనుకున్నాడు. పక్కన కోట కట్టి, తవ్వించి, రెండు టన్నుల దాకా మోయించుకెళ్లాడు. తీరా అది ఉత్త మట్టి. కానీ ఆ మట్టి లెక్క 300 ఏళ్లుగా భద్రంగా ఉంది. కౌంటీకి పేరు కూడా ఆ నీలి మట్టే. (బ్లూ ఎర్త్ అనే ఊరు మాత్రం ఈ కౌంటీలో లేదు, పక్క కౌంటీలో ఉంది. పచ్చ బఠానీల డబ్బాల మీది ఆకుపచ్చ మనిషికి అక్కడ 55 అడుగుల విగ్రహం కూడా ఉంది. ఆయన ఎటూ తప్పిపోలేదు.)

ఇంతకీ ఆ రాయి మీద ఏముందంటే: 1862 డిసెంబరు 26న ఇక్కడ 38 మంది సూ ఇండియన్లను ఉరితీశారు, అని. అంతే. క్రికెట్ స్కోరులా ఉంది. ఎందుకు, ఎవరు, ఏ పేర్లు, ఏమీ లేవు.

ఎందుకో చెప్పాలంటే 1851 ఒప్పందం దగ్గర మొదలవ్వాలి. డకోటాల చేత (రాయి మీది "సూ" ఇండియన్లు వీళ్లే) అమెరికా ప్రభుత్వం భూమి రాయించుకున్నరోజే, "ఇక్కడ కూడా ఒకటి పెట్టండి" అని ఇంకో కాగితం ముందుకు తోశారు. ఒప్పందానికి నకలనుకుని గుర్తులు పెట్టారు. అది వర్తకుల బాకీ కాగితం. వేలిముద్రల చరిత్ర తెలిసిన తెలుగువాళ్లకు ఇంతకన్నా వివరించక్కర్లేదు. 1862లో ఆ భూమికి రావాల్సిన సొమ్ము రాలేదు. గోదాముల్లో తిండి ఉంది, డబ్బొచ్చేదాకా ఇచ్చేది లేదన్నారు. ఆగస్టులో తిరగబడ్డారు. వందల మంది వలసవాసులు చచ్చిపోయారు, అందులో పసిపిల్లలూ ఉన్నారు. అదీ నిజమే.

తర్వాత విచారణలు. 392 మందిని సైనిక కమిషన్ ముందు నిలబెట్టారు, ఒక్కోరోజు 40 మందిని కూడా. కొన్ని అయిదు నిమిషాలు కూడా సాగలేదు. వకీలు లేడు. 303 మరణశిక్షలు. లింకన్ కాగితాలు చూసి 39కి తగ్గించాడు, చివర్లో ఇంకొకరిని తప్పించారు.

చస్కా అనే అతను యుద్ధంలో ఒక డాక్టరు భార్యనీ ఆమె పిల్లల్నీ కాపాడాడు. ఆమే కమిషన్ ముందుకొచ్చి చెప్పింది. లింకన్ జాబితాలో అతను లేడు. అయినా ఉరితీశారు. పేర్లు కలిసిపోయాయట! చస్కా అంటే డకోటా భాషలో తొలిచూలు కొడుకు, మన పెద్దోడు. వీధిలో నిలబడి "ఒరే పెద్దోడా" అంటే నలుగురు తల తిప్పుతారని తెలియదా? మనిషిని ఉరికంబం ఎక్కించేముందు నీ అమ్మానాన్నా పెట్టిన పేరేమిటిరా అని అడిగే తీరిక లేదా? ఒక్కసారి ముడి వీడేట్టు 38 మందికీ కలిపి కంబం కట్టే తీరిక మాత్రం దొరికింది. పిల్లాపాపలతో సుమారు 4,000 మందికి చూసే తీరిక దొరికింది. ఆ రాత్రే నది ఇసుకలోంచి శవాలను తవ్వుకుపోయే తీరిక డాక్టర్లకు దొరికింది. అందులో ఒక అస్థిపంజరాన్ని డాక్టర్ విలియం మేయో ఇనప కాగులో దాచుకుని, కొడుకులకు ఎముకల పాఠం చెప్పాడు. ఆ కొడుకుల పేరున్న ఆసుపత్రి 2018లో క్షమాపణ చెప్పింది. ఎముకలు పోలేదు చూశారా. దాచాలనుకున్నవి ఒక్కటీ పోలేదు.

ఉరి మరుసటి ఏడాది, 1863లో, తిరుగుబాటుతో సంబంధమే లేని హో-చంక్ అనే మరో ఇండియన్ తెగ జనాన్ని కూడా ఆ కౌంటీ నుంచి తరిమేశారు. నేల మంచిదాయె. ఇప్పుడక్కడ మొక్కజొన్న, సోయా.

ఉరి స్థలంలో ఇవాళ గ్రంథాలయం ఉంది. ఎదురుగా చిన్న పార్కు, సున్నపురాతి అడవిదున్న. 2012లో 38 పేర్లతో కొత్త ఫలకం పెట్టారు, 150 ఏళ్లకు. దక్షిణ డకోటాలోని లోయర్ బ్రూల్ నుంచి డకోటాలు కొన్నేళ్లపాటు ప్రతి డిసెంబరూ గుర్రాల మీద 330 మైళ్లు, మంచులో, 26వ తేదీకి అక్కడికి చేరుకున్నారు. దారి తప్పలేదు. తప్పిపోయింది రాయొక్కటే, ఉన్న ఊళ్లోనే.