అది ఆరడం కాదండీ!

మొన్న ఒక పెళ్లిలో మా మేనకోడలు చేతులు చాపి జెల్ పాలిష్ వేసుకున్న గోళ్లు చూపించింది. "దీపం కింద ఒక్క నిమిషం పెడితే చాలు మామయ్యా, ఆరిపోతుంది" అంది. "అది ఆరడం కాదమ్మా" అన్నాను. "మొదలుపెట్టారా" అన్నట్టు చూసింది మా ఆవిడ. విస్తరి ముందు మింగేసిన మాటను ఇక్కడ పూర్తి చేస్తున్నాను. ఓపిక ఉన్నవారు చదవండి.

తడి బట్ట ఆరుతుంది, వడియాలు ఆరతాయి. నీరు పోతుంది, మిగతాది మిగులుతుంది. కాంతితో గట్టిపడే పూతలో పోయేది దాదాపు ఏమీ ఉండదు. పూసిందంతా అక్కడే ఉంటుంది. విడివిడిగా తిరిగే అక్రిలేట్ అనే రసాయనపు అణువులు ఒకదానికొకటి ముడిపడి వలగా మారతాయి, ద్రవం కాస్తా ఘనమవుతుంది. ఆ మాటకొస్తే అవిసె నూనెతో చేసిన పాతకాలపు రంగులు కూడా ఆరవు. గాలిలోని ఆక్సిజన్‌ను తాగి గట్టిపడతాయి, ఆ క్రమంలో పూత బరువు పెరుగుతుంది. ఆరుతూ బరువు పెరిగే వస్తువును మీరెక్కడైనా చూశారా?

నేను పీహెచ్‌డీ చేసింది రాడికల్స్ మీద. పాఠ్యపుస్తకాల తెలుగులో స్వేచ్ఛా ప్రాతిపదికలు: జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే అణు శకలాలు. (గ్రీన్ టీ ప్రకటనల పుణ్యమా అని ఇప్పుడు వీటి పేరు అందరికీ తెలుసు, అదీ దొంగల జాబితాలో.) తర్వాత ఒక పూతల కంపెనీలో చేరితే, తోటి పరిశోధకులు "రంగులు కలుపుకోవడానికి పోయాడు" అని నవ్వారు. 27 ఏళ్లు రంగులే కలిపాను. రాడికల్ గురించి ప్రయోగశాల నాకు నేర్పింది సగమే. మిగతా సగం జిడ్డుగా మిగిలిపోయిన తలుపు చెక్కలు నేర్పాయి.

జరిగేది ఇది. పూతలో కొద్ది శాతం ఫోటోఇనిషియేటర్ ఉంటుంది. కాంతి తగలగానే అది రెండుగా విరుగుతుంది, రెండు ముక్కలూ రాడికల్సే. ఒక్కో ముక్క ఒక అక్రిలేట్ అణువును పట్టుకుంటుంది. పట్టుబడిన అణువే రాడికల్‌గా మారి పక్కదాన్ని పట్టుకుంటుంది. దీన్నే గొలుసు చర్య అంటాం. కాంతి అగ్గిపుల్ల మాత్రమే, మంట గొలుసుది. మీరు ఈ పోస్టు చదువుతున్న ఇంటర్నెట్ తీగలో వెంట్రుకంత గాజుపోగు ఉంటుంది చూశారా, దాని మందం 125 మైక్రాన్లు. సెకనుకు 20 మీటర్లకు పైగా వేగంతో లాగుతూనే దాని చుట్టూ రెండు పొరల అక్రిలేట్ పూత వేసి, దీపాల కింద గట్టిపరిచి, చుట్టకు చుట్టేస్తారు. ఆరేదాకా ఆగే పని అయితే ఆ ఫ్యాక్టరీ ఎంత పొడవు ఉండాలో ఊహించుకోండి.

ఈ గొలుసుకు పగవాడు ఆక్సిజన్. రాడికల్‌కు అక్రిలేట్ కంటే ఆక్సిజనే ముద్దు. దాన్ని పట్టుకున్నాక పెరాక్సీ రాడికల్‌గా మారి చతికిలపడుతుంది. అందుకే కొన్ని పూతలు లోపల రాయిలా ఉండి, పైన జిడ్డు వదలవు. 1900లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మోసెస్ గోంబర్గ్ అనే రసాయన శాస్త్రవేత్తను తికమకపెట్టింది కూడా ఈ ఆక్సిజనే. ఆయన హెక్సాఫినైల్ ఈథేన్ అనే పదార్థం చేయబోతే చేతికి పెరాక్సైడ్ వచ్చింది. గాలి తగలకుండా కార్బన్ డయాక్సైడ్ కింద మళ్లీ చేశాడు. పసుపు పచ్చని ద్రావణం వచ్చింది, గాలి సోకితే ఆ రంగు పోయింది. అలా దొరికింది మొదటి సేంద్రియ రాడికల్, ట్రైఫినైల్ మిథైల్. ఈ రంగాన్ని తనకే వదిలేయమని వ్యాసం చివర తోటి శాస్త్రవేత్తలను కోరాడు కూడా. ఎవరు వింటారు!

అసలు నా కోపం ఎక్కడ మొదలైందో చెబుతాను. ఒక ఫర్నిచర్ ఫ్యాక్టరీలో తెల్ల పూత వేసిన చెక్క మీద మేనేజరు బొటనవేలు నొక్కి, "అంటుకోవడం లేదు, ఆరిపోయింది, లారీకి ఎక్కించండి" అన్నాడు. తెల్లదనం కోసం వేసే టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిని తానే మింగేస్తుందని, పైన గట్టిపడినా అడుగున పచ్చిగా ఉండవచ్చని చెప్పాను. "డాక్టరు గారూ, మీరు పుస్తకం చూస్తారు, నేను చెక్క చూస్తాను" అన్నాడు. కొన్ని నెలల తర్వాత ఆ పూత గోటితో గీరితే పొరలుగా లేచింది. పైన జిడ్డు ఒక జబ్బు, అడుగున పచ్చి దానికి పూర్తిగా ఎదురు జబ్బు, మందులూ వేరు. రెండింటికీ కలిపి మన దగ్గర ఒకటే మాట: ఆరింది, ఆరలేదు.

ఇంకో సంగతి చెబితే చాలామంది నమ్మరు. పూతను పాడుచేసే ఆక్సిజనే డ్రమ్ములోని అక్రిలేట్‌ను కాపాడుతుంది. గొలుసు దానంతటదే మొదలుకాకుండా కలిపే నిరోధకం పని చేయాలంటే కరిగిన ఆక్సిజన్ ఉండాలి. అందుకే డ్రమ్మును మూతదాకా నింపరు, పైన గాలికి చోటు వదులుతారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది ఈ గొలుసు చర్యే. కాంతి అక్కర్లేదు, వేడి చాలు. లాక్‌డౌన్‌లో కదలకుండా ఉన్న ఫ్యాక్టరీ ట్యాంకులో, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం తనంత తాను పాలిమర్‌గా, అంటే ముడిపడిన అణువుల గొలుసుగా మారడం మొదలుపెట్టింది, ఆ వేడికి ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. నిరోధకం చాలినంత లేదని, కరిగిన ఆక్సిజన్‌ను కొలవలేదని విచారణ సంఘం తేల్చింది. ఆ వారమంతా నేను సరిగా నిద్రపోలేదు. మా గోదాములోనూ డ్రమ్ములుండేవి మరి.

మళ్లీ గోళ్ల దగ్గరికి వస్తాను. దీపం చాలనప్పుడు, పూత మందమైనప్పుడు ముడిపడని అణువులు మిగిలిపోతాయి. అవి చర్మానికి తగిలితే కొందరికి అలర్జీ మొదలవుతుంది. ఒకసారి పట్టిన అలర్జీ వదలదు. రేపు పళ్లలో నింపే పదార్థంలోనూ ఆ కుటుంబపు అణువులే ఎదురుపడతాయి. దంతవైద్యులు నీలి దీపం పట్టుకుని 2 మిల్లీమీటర్ల చొప్పున పొరలు పొరలుగా నింపుతారు, కాంతి ఎంత లోతుకు దిగుతుందో తెలుసు కాబట్టి. జెల్ పాలిష్‌లలో విరివిగా వాడిన టీపీఓ అనే ఇనిషియేటర్‌ను ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో అది చేరడమే కారణం. పూతల పనిలో నాకు ఎంతో ఉపకారం చేసిన పదార్థం అది, తెల్ల రంగు అడుగుదాకా గట్టిపడేది దానివల్లే. అయినా గోళ్ల మీద అది ఉండాలని నేను వాదించను.

నిన్న రాత్రి మేనకోడలు ఫోన్ చేసి, ఇంట్లో వాడుకునే దీపం ఒకటి ఆన్‌లైన్‌లో చూశానని, కొననా అని అడిగింది. దాని కాంతి తరంగదైర్ఘ్యం ఎన్ని నానోమీటర్లో చూడమన్నాను. కాసేపు వెతికి, "అది రాయలేదు మామయ్యా, గులాబీ రంగులో ఉంది" అంది.